రెండో లైటు

మీలో ఎవరైనా బ్యాటరీ చార్జర్ కార్డు గీస్తూ ఉంటే, ఇది చదవడానికి ముందు ఒక పని చేయండి. కంప్యూటర్‌లో ఆ బొమ్మ తెరిచి లైట్లు ఎన్ని పెట్టారో లెక్కపెట్టుకోండి. ఒకటే ఉంటే ఇది తప్పకుండా చదవండి. రెండుంటే కూడా చదవండి. రిటైరయ్యాక నా మాట వినేవాళ్లు తగ్గిపోయారు, మా ఆవిడతో సహా.

రాజమండ్రి శివార్లలో ఒక షెడ్డులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. గేటు మీద ‘ఎలక్ట్రానిక్స్’ అని రాసి ఉండేది కాబట్టి పెద్ద ఫ్యాక్టరీ అనుకునేరు. ఓనరు గారితో కలిపి పదకొండు మందిమి. ఎమర్జెన్సీ లైట్లు, ఇన్వర్టర్ కార్డులు, కిరాణా కొట్ల కాటాల్లో పెట్టే కార్డులు తయారుచేసేవాళ్లం. కార్డంటే సర్క్యూట్ బోర్డే. మా షెడ్డులో ఆ పూర్తి పేరు ఎవరూ పలికేవారు కాదు. కార్డు గీయడం నా పని. ఏ భాగం ఎక్కడ కూర్చోవాలో, ఏ రాగి గీత ఎటు పోవాలో నేను నిర్ణయిస్తే మిగతావాళ్లు దాన్ని వస్తువుగా చేసేవారు. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. కార్డు పనిచేస్తే చాలదు, చూడటానికి అందంగా కూడా ఉండాలి అనిపిస్తుంది. మూత విప్పి చూసే నాథుడు లేడని తెలిసినా సరే. నాకా జబ్బు బాగా ముదిరింది.

ఇప్పుడు తనిఖీ బల్ల దగ్గర కూర్చునే ఆమె గురించి చెప్పాలి. కడియం అవతల కాలువ గట్టు మీదున్న ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేది. పదో తరగతి దాకా చదివింది. సోల్డరింగ్ పనికని చేరి, రెండేళ్లు తిరక్కుండానే తనిఖీకి మారింది. మీటర్లు ఏం చెప్పినా ఆమె పరీక్షలు ఆమెకుండేవి. కార్డు ఆన్ చేసి, అన్నిటికంటే ఎక్కువ వేడెక్కే చిప్పు మీద చూపుడువేలు పెట్టి ఐదు అంకెలు లెక్కపెట్టేది. ఐదు దాకా వేలు నిలిస్తే పాస్. నిలవకపోతే కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ‘‘సార్, ఇది కాలిపోతందండి’’ అనేది.

‘‘నీ వేలు మరీ సుకుమారం అయిపోయిందమ్మా, వేరే వేలితో చూడు’’ అని ఏడిపించేవాణ్ణి.

‘‘పొద్దున్న లేస్తే పొయ్యి దగ్గర గిన్నెలు దించే వేలండి ఇది. దీనికే కాలిందంటే మీ వేలు ఊడిపోద్ది’’ అనేది. కార్డు మళ్లీ గీయక తప్పేది కాదు.

రెండోది ఇంటి పరీక్ష. ఒక ఎండాకాలం మేం పంపిన ఎమర్జెన్సీ లైట్లు కుప్పలుగా వెనక్కి వచ్చాయి. షెడ్డులో పెట్టి చూస్తే ఒక్కదానికీ ఏ రోగమూ లేదు. ఓనరు గారు తల పట్టుకున్నారు, నేను కొన్నవాళ్లను తిట్టుకున్నాను. ఆమె మాత్రం ఒకటి చేతిసంచిలో పడేసుకుని ఇంటికి తీసుకెళ్లి, వారం పోయాక తెచ్చింది. ‘‘మాది రేకుల ఇల్లండి. మజ్జాన్నం ఆ రేకుల కింద దీని లోపల జిగురు కరిగిపోతంది. మీరేమో ఫ్యాను కింద పెట్టుకుని చూత్తన్నారు’’ అంది. అంతమంది ముందు నాకు తల కొట్టేసినట్టయింది, కానీ ఆమె చెప్పింది నిజం.

ఆ రోజు నుంచి ఓనరు గారు ఒక రూలు పెట్టారు. కొత్త డిజైన్ ఏదైనా ముందు వారం రోజులు ఆమె ఇంట్లో ఉండాలి. దానికొక చీటీ అచ్చు వేయించారు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చూశాను అని మూడు వరసలు, అడుగున ఒక గడి. ఆ గడిలో పాస్ అనో ఫెయిల్ అనో రాసి సంతకం పెట్టాలి. ఫెయిల్ అని పడిందంటే నేను సరిచేసేదాకా ఆ వస్తువును ఎవరూ వాడటానికి వీల్లేదు, ఓనరు గారైనా సరే. పదకొండేళ్లు ఆమె ఆ చీటీలు నింపింది. ఒక్కదాంట్లో కూడా ఆ గడి ఖాళీగా వదిలేయడం నేనెరగను.

ఆమె పనిచేస్తూ పాడేది. వాళ్ల ఊరి చర్చిలో కీర్తన ఎత్తుకునేది ఆమేనట. మాకు మాటలు తెలియకపోయినా రాగాలు వంటబట్టాయి. ఓనరు గారు ఫోన్లో మాట్లాడుతూ కూడా వేళ్లతో తాళం వేసేవారు.

ఆ గొంతు మొదట బొంగురుపోయింది. జలుబన్నారు, కషాయాలు తాగించారు. చివరికి గొంతులో గడ్డ ఉందని తేలి, పెద్దాసుపత్రిలో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం, ఊపిరంతా అందులోంచే. కొన్ని నెలల తర్వాత ఒక సోమవారం, మెడకు తెల్లటి నూలుగుడ్డ కట్టుకుని పనిలోకి వచ్చింది. చేతిసంచిలో బలపంతో సహా ఒక పలక ఉంది. నా బల్ల దగ్గరికొచ్చి పలక మీద రాసి చూపించింది: ‘‘కార్డులేమైనా ఉన్నాయాండి?’’ నేను ఏదో వెతుకుతున్నట్టు సొరుగులోకి తల దూర్చాను. కళ్లు తుడుచుకునేదాకా బయటికి తీయలేదు.

ఆమె భర్త గురించి కూడా చెప్పాలి, ఈ కథంతా అతని చుట్టూనే తిరిగింది. మొక్కల వ్యాను డ్రైవరు. కడియం నర్సరీల్లో మొక్కలు ఎక్కించుకుని కాకినాడ వైపు వెళ్లి, వచ్చేటప్పుడు యానాం మీదుగా వచ్చేవాడు. ఎందుకో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, అక్కడ మందు చవక. ఒక ఆదివారం తాగొచ్చి చర్చి ఆవరణలో గొడవపడి ఒక పెద్దాయన మీద చెయ్యి చేసుకున్నాడట. అప్పటి నుంచి సంఘం అతన్ని ప్రభు భోజనానికి రానివ్వలేదు. ఆరాధన చివర అందరూ ముందుకెళ్లి మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటుంటే, అతనొక్కడూ గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చోవాలి. ఏళ్ల తరబడి అలాగే కూర్చున్నాడు.

ఆమెకు జబ్బని తెలిసిన రోజున అతను మందు మానేశాడు. ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు, మెడ రంధ్రం శుభ్రం చేయడం నర్సుల దగ్గర నేర్చుకున్నాడు. ఇదంతా ఆమె పలక మీద ముక్కలు ముక్కలుగా రాస్తే మాకు తెలిసింది. ఊళ్లో మాత్రం ఎవరూ నమ్మలేదు. నాలుగు రోజులు మానతాడు, మళ్లీ మామూలే అన్నారు.

వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద జబ్బు నుంచి బయటపడ్డవాళ్లు ఏడాదికోసారి వచ్చే సాక్ష్యాల ఆదివారం నాడు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తమకేం చేశాడో, ఎవరెవరు ఆదుకున్నారో నోటితో చెప్పుకోవాలి. ఆ ఏడు అది మే నెలలో పడింది.

‘‘నువ్వు రాసిస్తే పాస్టరు గారు చదువుతారు కదమ్మా’’ అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపి, పలక తుడిచి రాసింది: ‘‘మా ఆయన మానేశాడని నేనే చెప్పాలండి. పెళ్లాం నోటితో చెప్తేనే నమ్ముతారు. నమ్మితే ప్రభు భోజనం బల్ల దగ్గరికి రానిస్తారు.’’

ఆసుపత్రి వాళ్లు ఆమెకొక యంత్రం ఇచ్చారు. టార్చిలైటు ఆకారంలో ఉంటుంది. మెడకు ఆనించి మీట నొక్కితే సన్నగా అదురుతుంది. ఆ అదురుతో పాటు పెదాలు కదిపితే మాటలు వస్తాయి. గొంతు మనిషిదిలా ఉండదు, జుయ్యిమంటూ ఒకే శ్రుతిలో ఉంటుంది, కానీ మాట మాటే. అది ఇంతకుముందు ఎవరో వాడినది. ఆయన పోయాక ఇంటివాళ్లు ఆసుపత్రికి ఇచ్చేశారట. లోపలి బ్యాటరీ కారిపోయి చిలుం పట్టింది, చార్జరు లేదు, ఆ రకం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. ఆమె దాన్ని నా బల్ల మీద పెట్టి, పలక తీయకుండా, నా మొహంలోకి చూసింది.

‘‘అయిపోద్దమ్మా. అదెంత పని’’ అన్నాను. ఈ మాట ఎప్పుడూ అనకండి.

నిజానికి పెద్ద పనేం కాదు. ఫోన్లలో ఉండేలాంటి పల్చటి బ్యాటరీ ఒకటి, దాన్ని నింపే చార్జర్ చిప్పు ఒకటి. ఆ చిప్పు మినప్పప్పు బద్దంత ఉంటుంది, ఎనిమిది కాళ్లు. బ్యాటరీలోకి ఎంత కరెంటు పంపాలో, ఎప్పుడు ఆపాలో అదే చూసుకుంటుంది. ఎనిమిదింటిలో రెండు కాళ్లు లైట్ల కోసం. నిండుతున్నంతసేపూ ఒక కాలు ఎర్రలైటు వెలిగిస్తుంది. నిండాక అది ఆర్పేసి, రెండో కాలు పచ్చలైటు వెలిగిస్తుంది. నేను మొదట గీసిన కార్డులో రెండు లైట్లూ ఉన్నాయి. వారంలో తయారైంది. యంత్రంలో పెడితే చక్కగా మోగింది. కాకపోతే కార్డు కాస్త వెడల్పై మూత పూర్తిగా పడలేదు. సన్నటి సందు ఉండిపోయింది, ఒక రబ్బరు బ్యాండు వేస్తే సరిపోయేది.

నాకది నచ్చలేదు. మా షెడ్డు మనిషి పదిమంది ముందు పట్టుకుని నిలబడే వస్తువు రబ్బరు బ్యాండుతో ఉంటుందా? నాకు ఒళ్లు మండింది. ఆదివారానికి ఇంకా రెండు వారాలుంది. మళ్లీ గీశాను. మూలలు గుండ్రం చేశాను, వెడల్పు తగ్గించాను, అప్పటికీ ఒక పిసరు ఎక్కువైతే పచ్చలైటు తీసేశాను. ఆ కాలు ఖాళీగా వదిలేశాను. ఎర్రలైటు ఆరిపోతే నిండినట్టే కదా, దానికి మళ్లీ పచ్చలైటెందుకు అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఆ తెలివికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. కొత్త కార్డులు బయటి ఊరి నుంచి కొరియర్లో రావాలి. శుక్రవారం సాయంత్రం వచ్చాయి.

శనివారం పొద్దున్నే భాగాలన్నీ నేనే అతికించాను. చార్జింగ్ పెట్టి చిప్పు మీద నా వేలే పెట్టి ఐదు లెక్కపెట్టాను. నిలిచింది. మూత టక్కుమని పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం ఆమె చుట్టూ చేరాం. ఆమె యంత్రాన్ని మెడకు ఆనించుకుని కాసేపు సరైన చోటు వెతికింది. జుయ్యిమంది. నా వైపు చూసింది.

‘‘సార్. మీ టీ. చల్లారిపోయింది.’’

అన్ని నెలల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అది. నవ్వామో ఏడ్చామో తెలియదు. తర్వాత ఒక్కొక్కరూ తమ పేరు పిలవమన్నారు. అందరినీ పిలిచింది. మళ్లీ పిలవమన్నారు. ఓనరు గారు తన పేరు మూడుసార్లు పిలిపించుకున్నారు. అందులో ఉన్న కొద్దిపాటి చార్జింగు అక్కడే దాదాపు అయిపోయిందని నాకు తెలుసు. ‘‘ఇంటికెళ్లి చార్జింగ్ పెట్టుకోమ్మా. లైటు ఆరిపోయిందంటే నిండినట్టే. ఇక చూసుకోనక్కర్లేదు’’ అని చెప్పాను.

ఆమె యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంకో లైటు కోసం వెతికిందని నాకప్పుడు తట్టలేదు. తర్వాత తనిఖీ బల్ల మీది చీటీల పుస్తకంలోంచి ఒకటి చింపుకుంది.

‘‘నీ వస్తువుకి నీకే చీటీ ఏంటమ్మా?’’ అని నవ్వాను.

‘‘రూలు. రూలేనండి’’ అంది యంత్రంతో. అందరూ పగలబడి నవ్వారు.

మర్నాడు వాళ్ల ఊరి చర్చికి వెళ్లాను. నేను చర్చిలో అడుగు పెట్టడం అదే మొదలు. చెప్పులు వదిలేచోట ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. నన్ను చూసి లేచి, ‘‘రండి సార్, లోపలికెళ్లి కూర్చోండి’’ అన్నాడు. తను మాత్రం రాలేదు. ‘‘ఇయాల అయిపోయాక వస్తానండి’’ అని చిన్నగా నవ్వాడు.

లోపల ఫ్యాన్లు తిరగడం లేదు. అందరూ విసనకర్రలతో, పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. నా పక్కన కూర్చున్న మాస్టారు తన విసనకర్ర నాక్కూడా తగిలేలా విసురుతూ, ‘‘నిన్న సాయంత్రం గాలివానకి స్తంభం పడిపోయిందండి. ఇంకా కరెంటివ్వలేదు. మైకు కూడా లేదు’’ అన్నారు. నేను తలూపాను. మైకు లేకపోతే ఏం, నా కార్డు ఉంది కదా అని లోపల మురిసిపోయాను. నిన్న సాయంత్రం నుంచి కరెంటు లేదు అన్న మాట నా చెవిలో పడింది. అంతకు మించి లోపలికి వెళ్లలేదు. ముప్ఫై ఏళ్లు కరెంటుతో బతికినవాణ్ణి.

పాస్టరు గారు పిలిస్తే ఆమె ముందుకొచ్చి నిలబడింది. యంత్రాన్ని మెడకు ఆనించగానే విసనకర్రలన్నీ ఆగాయి.

‘‘ముందుగా. మా సారు గురించి చెప్పాలండి’’ అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ముందు దేవుణ్ణి తలుచుకోవాలి కదా అని వెనక ఎవరో గొణిగారు. ఆమె పట్టించుకోలేదు. తను వేలు పెట్టి కాలిపోతోందన్న ప్రతిసారీ మా సారు విసుక్కోకుండా కార్డు మళ్లీ గీశారంది (అబద్ధం, విసుక్కున్నాను). ఈ యంత్రం ఎవరి చేతా కాలేదు, మా సారు చేశారంది. అదిగో అక్కడ కూర్చున్నారని చూపించింది. అందరూ నా వైపు తిరిగారు. నేను చేతులు జోడించాను. నిజం చెప్తున్నాను, నా ఉద్యోగంలో అంత గర్వపడ్డ రోజు లేదు.

తర్వాత దేవుడికి కృతజ్ఞత చెప్పింది. ఆపరేషన్ చేసిన డాక్టరుకి చెప్పింది. అప్పుడు గుమ్మం వైపు చూసింది. అతను కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

‘‘మా ఆయన’’ అంది. జుయ్యిమనే శబ్దం పల్చబడింది. ‘‘మా ఆయన. నాకు జబ్బని. తెలిసిన...’’

శబ్దం ఆగిపోయింది. ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. మీట వదిలి మళ్లీ నొక్కింది. చిన్న గురక వచ్చి అది కూడా ఆగిపోయింది. అయినా ఆమె ఆపలేదు, పెదాలతోనే చివరిదాకా చెప్పింది. ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు ఆమె పెదాల వైపు ముందుకు వంగి చూశారు. మిగతావాళ్లు తలలు దించుకున్నారు. అప్పుడు నా బుర్రలో ఆ విసనకర్ర మాస్టారి మాట వెలిగింది. కరెంటు పోయినా ఆ లైటు ఆరిపోతుంది. నిండినా అది ఆరిపోతుంది. లైటు ఆరిపోతే నిండినట్టే, ఇక చూసుకోనక్కర్లేదు అని చెప్పినవాణ్ణి నేనే.

పాపం, ఆమె ఇబ్బందిపడుతోందని ఒక పెద్దావిడ కీర్తన ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. మంచి మనసుతోనే చేశారు. ఏళ్ల తరబడి అదే చోట నిలబడి కీర్తన ఎత్తుకున్న మనిషి, ఆ పాట మధ్యలో నోరు మూసుకుని, యంత్రాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడింది. తర్వాత ప్రభు భోజనానికి అందరూ వరసగా లేచారు. నేను గుమ్మం వైపు చూశాను. అతను చెప్పుల పక్కన కూర్చుని నేలకేసి చూస్తున్నాడు.

నేను ఎవరికీ చెప్పకుండా పక్క తలుపులోంచి వచ్చేశాను. ఆమెకు మొహం చూపించలేకపోయాను. బస్టాపులో కూర్చుంటే బస్సులు రెండు వెళ్లిపోయాయి.

సోమవారం ఆమె మామూలుగానే వచ్చింది. యంత్రం చార్జింగు నిండి ఉంది. నేనింకా నోరు తెరవకముందే, ‘‘సార్. రెండో లైటు పెట్టండి. కరెంటు పోయినా. ఇది ఆరిపోతాది’’ అంది.

‘‘నిన్న నా వల్ల...’’

‘‘పోనీలెండి. మళ్లీ ఏడు చెప్తాను.’’

నిన్న మోసపోయాక ఇవాళ కనిపెట్టింది అనుకున్నాను. పక్కన పడేసిన మొదటి కార్డే, రెండు లైట్లదే, పెట్టి ఇచ్చాను. మూత పడలేదు. రబ్బరు బ్యాండు వేసింది. వారం ఇంట్లో వాడి, కొత్త చీటీ నింపి, పాస్ అని రాసి తెచ్చి ఇచ్చింది. మొదటి చీటీ ఏదని నేనడగలేదు, ఆమె ఇవ్వలేదు.

మళ్లీ ఏడు రాలేదు. వానాకాలంలో దగ్గు మొదలైంది, అది ఊపిరితిత్తుల దాకా పాకిందన్నారు. చలికాలం దాటకుండా పోయింది. సమాధి దగ్గర పాస్టరు గారు చాలా మంచి మాటలు చెప్పారు. భర్త ఊసు రాలేదు. ఆ తర్వాత కొద్ది నెలలకు నేను రిటైరయ్యాను.

ఈ మధ్య ఒక రోజు పొద్దున్న మా ఇంటి ముందు మొక్కల వ్యాను ఆగింది. అతనే. ఒక చేతిలో నందివర్ధనం మొక్క, ఇంకో చేతిలో తువ్వాలులో చుట్టిన యంత్రం. బాగా చిక్కిపోయాడు. మొక్క వరండాలో పెట్టి, ‘‘ఇది ఇంకెవరికన్నా పనికొస్తాదేమో చూడండి. పోయినాళ్ల దగ్గర్నుంచి మాకొచ్చింది, మా దగ్గరుంచుకోకూడదు కదండీ’’ అన్నాడు. యంత్రంతో పాటు మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. ‘‘ఆవిడ బైబిల్లో ఉందండి. మీ కంపెనీ చీటీ అంట.’’

నేను మడత విప్పాను. ఆ గుండ్రటి అక్షరాలు ఎక్కడున్నా గుర్తుపడతాను.

శనివారం, సాయంత్రం ఆరున్నర. చార్జింగ్ పెట్టాను. లైటు వెలిగింది. వేలు ఐదు దాకా నిలిచింది.

శనివారం, ఏడు. గాలివాన. కరెంటు పోయింది. లైటు ఆరింది. నిండినా ఇలాగే ఆరుతుంది. రెండో లైటు కావాలి.

ఆదివారం, పొద్దున్న ఆరు. కరెంటు రాలేదు. ఎంత నిండిందో తెలియదు. అరగంట కంటే ఎక్కువ ఎక్కలేదు.

అడుగున గడి ఖాళీగా ఉంది. పాస్ అని రాయలేదు. ఫెయిల్ అనీ రాయలేదు. ఫెయిల్ అని రాస్తే రూలు ప్రకారం ఆ యంత్రాన్ని ఎవరూ వాడకూడదు. ఆమె వాడాలనుకుంది.

‘‘బాబూ, ఆమెకు ముందే తెలుసు. చార్జింగు చాలదని తెలిసే వచ్చింది’’ అన్నాను.

‘‘తెలుసండి’’ అన్నాడు అతను. ‘‘పొద్దున్నే నాకు పలక మీద రాసి చూపించింది. ముందు సారు గురించి చెప్పేత్తాను, ఆయన పైమనిషి, మన చర్చికొచ్చి చిన్నబోకూడదు, మనం ఎప్పుడన్నా చెప్పుకోవచ్చు అని రాసింది. నన్నడిగే చేసిందండి. సరేనన్నాను.’’

ఆ అరగంట చార్జింగు నా మీద ఖర్చుపెట్టింది. నేను దాన్ని చేతులు జోడించి అందుకున్నాను.

‘‘ఇప్పుడు చర్చికి వెళ్తున్నావా?’’

‘‘లేదండి. రమ్మంటన్నారు. పెళ్లాం పోయినోడు కదా అని జాలిపడి రమ్మంటన్నారు. ఆ లెక్కన వెళ్లలేనండి. మానేశాడు అని అది చెప్పాక వెళ్దామనుకున్నాను.’’ అడగకుండానే చెప్పాడు. ‘‘ఆ ఆదివారం కూడా తాగలేదండి. అది పోయిన రోజు కూడా.’’

నాకు దుఃఖం ఆగలేదు. ‘‘నేనొచ్చి చెప్తాను. ఆమె పలక మీద రాసినవన్నీ నాకు గుర్తున్నాయి. ఈ ఆదివారమే వస్తాను, అందరి ముందూ నిలబడి చెప్తాను’’ అన్నాను.

అతను నొచ్చుకోకుండా, నన్ను నొప్పించకుండా, మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

‘‘మీరు చెప్తే అది సిఫారసు అవుద్దండి. సాక్ష్యం అవదు.’’

టీ తాగాడు. మొక్కకు రోజూ నీళ్లు పొయ్యక్కర్లేదు, రెండు రోజులకోసారి చాలని చెప్పి వెళ్లిపోయాడు. వ్యాను మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

యంత్రాన్ని ఆసుపత్రికి ఇచ్చేశాను. ఇచ్చేముందు చార్జింగ్ పెట్టి, పచ్చలైటు వెలిగేదాకా పక్కనే కూర్చున్నాను. రబ్బరు బ్యాండు మాత్రం కొత్తది వేశాను. చీటీ నా దగ్గర ఉంచుకున్నాను. నేను గీసిన కార్డుల చీటీలన్నిటిలో అడుగున గడి ఖాళీగా ఉండిపోయింది అదొక్కటే. అలా వదిలేయడం మా షెడ్డులో పద్ధతి కాదు. పెన్ను తీసుకుని ఆ గడిలో ఫెయిల్ అని రాశాను. కింద నా సంతకం పెట్టాను.